కల్లంలో పాత లెన్సు

పాత మాన్యువల్ లెన్సును డిజిటల్ కెమెరాకు తగిలించి, పట్టపగలు హై స్పీడ్ సింక్ ఫ్లాష్‌తో ఫొటో తీసేటప్పుడు అక్కడ మూడు సాధనాలున్నా మాట్లాడుకునేవి రెండే. కెమెరా చెబుతుంది, ఫ్లాష్ వింటుంది. లెన్సుకు ఆ మాటల్లో వాటా లేదు. దానికి చిప్ లేదు, కరెంటు అందదు. షట్టర్ ఎంత వేగంగా కదులుతోందో, ఫ్లాష్ ఎలా వెలుగుతోందో దానికి పట్టదు. రింగు తిప్పితే లోపలి రెక్కలు ముడుచుకుంటాయి, మళ్లీ తిప్పితే విచ్చుకుంటాయి. ఎదురుగా వచ్చిన వెలుతురు వెనక్కి పోతుంది. దాని ఉద్యోగం అంతవరకే. అందుకే పాత లెన్సుతో హై స్పీడ్ సింక్ పనిచేస్తుందా అని అడిగేవారు లెన్సు వైపు చూసి లాభం లేదు. కెమెరాకూ ఫ్లాష్‌కూ కుదిరితే పనిచేస్తుంది. కుదరకపోతే లక్ష రూపాయల కొత్త లెన్సు పెట్టినా పనిచేయదు.

ఈ హంగామా అంతా ఎండ వల్ల వచ్చింది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దానికి కొదవ లేదు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల వేరే జిల్లాలయ్యాయి గానీ ఎండను ఎవరూ పంచుకోలేదు. రెంటచింతల పేరు వేసవి వార్తల్లో వినని తెలుగువాడు ఉండడు. మిరప కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుని వేసవి ముదిరేదాకా సాగుతాయి. కోసిన కాయను కల్లంలో పరదాల మీద ఆరబోసి, రోజూ తిరగేస్తూ, మంచుకు తడవకుండా సాయంత్రం కుప్ప చేసి కప్పుతారు. పొద్దు నడినెత్తికి వస్తే చాలు, మనిషి నీడ కాళ్ల కిందికి చేరుతుంది. తాలు కాయ ఏరే కూలీల తల మీద తువ్వాలో కొంగో ఉంటుంది. దాని అంచు కింద కళ్లు, చెంపలు నల్లగా మునిగిపోతాయి. చుట్టూ ఎర్రగా మండే కల్లం, మధ్యలో చీకటి ముఖం. ఆ చీకట్లోకి కాస్త వెలుతురు పంపాలంటే పగలే ఫ్లాష్ కావాలి.

ఎండకు ఒక పాత లెక్క ఉంది. ఫిల్ము పెట్టెల మీద అచ్చేసిన రోజుల నుంచీ అది మారలేదు. నిండు ఎండలో అపెర్చర్ ఎఫ్ 16 పెడితే షట్టర్ వేగం ఐఎస్ఓ అంకెకు సరిపోవాలి. ఐఎస్ఓ 100 అయితే సెకనులో నూరో వంతు. అపెర్చర్ ఒక్క మెట్టు తెరిస్తే వెలుతురు రెట్టింపు, కాబట్టి షట్టర్ సమయం సగం. ఎఫ్ 11కి 1/200, ఎఫ్ 8కి 1/400, ఎఫ్ 5.6కి 1/800. అలా పోతూ ఉంటే ఎఫ్ 2 దగ్గర 1/6400 తేలుతుంది. ఈ మెట్టునే ఫొటోగ్రాఫర్లు స్టాప్ అంటారు. మిగతా కథంతా స్టాపుల మీదే నడుస్తుంది.

1976లో వచ్చిన పెంటాక్స్ కె1000ను తీసుకుంటే, దాని షట్టర్ పరుగు 1/1000తో ఆఖరు. ఫ్లాష్ తగిలిస్తే 1/60 దాటకూడదు. అప్పటి యాభై మిల్లీమీటర్ల ఎఫ్ 2, ఎఫ్ 1.8 లెన్సులు ఇలాంటి కెమెరాల మీద బతికినవే. ఐఎస్ఓ 100 ఫిల్ముతో నిండు ఎండలో అవి ఎఫ్ 5 దగ్గరే ఆగిపోవాలి. ఫ్లాష్ కూడా వెలగాలంటే ఎఫ్ 16 కన్నా ఇంకా ముడుచుకోవాలి. ఎఫ్ 16 దగ్గర ఏ లెన్సయినా ఒకటే: ముందున్న మనిషీ స్పష్టమే, వెనకున్న విద్యుత్ స్తంభమూ స్పష్టమే. ఒక లెన్సుకూ మరో లెన్సుకూ తేడా తెలిసేది రెక్కలు పూర్తిగా తెరిచినప్పుడు. ఉదాహరణకు సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చిన హీలియోస్ 44-2. జర్మనీ జైస్ వారి బయోటార్ నమూనాలో చేసిన 58 మిల్లీమీటర్ల ఎఫ్ 2 లెన్సు అది. పూర్తిగా తెరిస్తే వెనకున్న ఆకులూ కాయలూ సుడి తిరుగుతాయి. మధ్యలో ముఖం ఒక్కటీ కుదురుగా నిలుస్తుంది. ఫిల్ము కాలంలో ఈ సుడి చూడాలంటే నీడ పట్టునో సందె వేళనో తీయాలి. నడి కల్లంలో అది దక్కడం అరుదు. ఇప్పుడు దక్కుతోంది. అందుకు కారణం ఫ్లాష్ బలం పెరగడం కాదు, అది వెలిగే తీరు మారడం.

కెమెరాలో సెన్సర్ ముందు రెండు తెరలుంటాయి. వాటి పని కల్లం చూసినవారికి ఇట్టే తెలుస్తుంది. పరదా కప్పిన మిరపకాయ మీది నుంచి ఇద్దరు మనుషులు ఒక పరదాను లాక్కుంటూ పోతున్నారు, వెనకే మరో ఇద్దరు ఇంకో పరదాను కప్పుకుంటూ వస్తున్నారు అనుకోవాలి. మొదటి జంట అవతలి గట్టుకు చేరాకే రెండో జంట కదిలితే, ఒక్క క్షణమైనా కల్లం మొత్తం ఎండలో ఉంటుంది. రెండో జంట తొందరపడి ముందే బయల్దేరితే రెండు పరదాల మధ్య ఒక చాలు మాత్రమే ఎండ చూస్తుంది. ఆ చాలే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జరుగుతుంది. ప్రతి కాయకూ ఎండ తగులుతుంది, అన్నిటికీ ఒకేసారి మాత్రం కాదు. షట్టర్ తెరలూ అంతే. సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకునే గరిష్ఠ వేగమే సింక్ స్పీడు. ఇప్పటి చాలా కెమెరాల్లో అది 1/200, 1/250. తెర 24 మిల్లీమీటర్ల ఎత్తును సుమారు 1/300 సెకనులో దాటుతుందనుకుంటే, 1/4000 దగ్గర రెండు తెరల మధ్య సందు రెండు మిల్లీమీటర్లకు కూడా రాదు.

మామూలు ఫ్లాష్ ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. పూర్తి బలంతో వెలిగినా అసలు మెరుపంతా సెకనులో వెయ్యో వంతు ప్రాంతంలోనే అయిపోతుంది. సన్నని సందు కదులుతుండగా అది మెరిస్తే, ఆ క్షణాన సందు ఎక్కడుందో అక్కడే వెలుతురు పడుతుంది. ఫొటోలో ఒక పట్టీకి ఫ్లాష్ తగిలి మిగతాది తగలనట్టు కనిపిస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లో సగం ముఖం తెల్లగా, సగం నల్లగా వచ్చి గొడవలు పడిన సందర్భాల వెనక ఎక్కువగా ఉన్నది ఈ తప్పే. హై స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ ఒక్క మెరుపుతో సరిపెట్టదు. సందు కదలడం మొదలుపెట్టక ముందే మొదలై, అది అవతలి అంచు చేరేదాకా సెకనుకు వేల సార్లు చొప్పున మిణుకుతూనే ఉంటుంది. కంటికి అది ఒకే వెలుగులా ఉంటుంది. సెన్సర్ దృష్టిలో, ఆ కొద్ది క్షణాలూ ఫ్లాష్ మరో ఎండ.

ఈ పద్ధతిని మొదట బజారుకు తెచ్చినది ఒలింపస్. 1986 నాటి ఓఎం-4 టీఐ కెమెరా, దానికి జోడీ ఎఫ్280 ఫ్లాష్ కలిసి 1/2000 దాకా పనిచేసేవి. కానన్ 1995లో ఈఓఎస్ 50తో, 380ఈఎక్స్ ఫ్లాష్‌తో అందుకుంది. నికాన్ దీన్ని ఎఫ్‌పీ అని పిలిచింది, ఇప్పటికీ మెనూలో ఆటో ఎఫ్‌పీ అనే ఉంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఈ చిక్కే లేని కెమెరా ఊళ్లలో స్టూడియోల అల్మరాల్లో ఎప్పటి నుంచో ఉంది. పై నుంచి తొంగిచూసి ఫొటో తీసే యాషికా మ్యాట్ అది. 1970లో వచ్చిన 124జీ రకంలో షట్టర్ లెన్సులోనే ఉంటుంది. పూల రేకుల్లా మధ్య నుంచి విచ్చుకుని మళ్లీ మూసుకుంటుంది కనుక ఏ వేగంలోనైనా ఏదో ఒక క్షణం ఫ్రేము మొత్తం తెరిచే ఉంటుంది. 1/500 దగ్గర కూడా మామూలు ఫ్లాష్ పూర్తి బలంతో వెలిగించుకోవచ్చు. ఓణీల ఫంక్షన్‌కు పెరట్లో, మిట్టమధ్యాహ్నం, వేపచెట్టు ముందు నిలబెట్టి తీసిన నాటి ఫొటోల్లో ముఖాలు శుభ్రంగా ఉండటానికి ఫొటోగ్రాఫర్ పనితనం ఎంత కారణమో ఈ షట్టరూ అంత కారణం. తర్వాత వచ్చిన కెమెరాలు వేగం పెంచుకుంటూ పోయి ఈ సౌకర్యాన్ని పోగొట్టుకున్నాయి. దాన్ని ఎలక్ట్రానిక్స్‌తో తిరిగి సంపాదించుకునే ప్రయత్నమే హై స్పీడ్ సింక్.

ప్రయత్నం ఉచితంగా రాదు. కెపాసిటర్‌లో ఉన్న కరెంటును ఒక్క దెబ్బలో ఖర్చు పెట్టే బదులు సాగదీసి వాడుతున్నందున, మారిన క్షణంలోనే ఫ్లాష్ బలం సుమారు రెండు స్టాపులు పడిపోతుంది. ఆ తర్వాత షట్టర్ వేగం రెట్టింపు చేసినప్పుడల్లా సందు సగమై ఎండతో పాటు ఫ్లాష్ కూడా సగం తగ్గుతుంది. మామూలు ఫ్లాష్‌లో షట్టర్ పెంచితే ఎండ ఒక్కటే తగ్గేది. ఇక్కడ రెండూ కట్టకట్టుకుని దిగుతాయి. చాలామంది తడబడేది ఇక్కడే. షట్టర్ 1/8000కి పెంచితే ఎండ మీద ఫ్లాష్‌ది పైచేయి అవుతుందని ఆశపడతారు. అవదు.

అంకెల్లో చూస్తే విషయం తేటపడుతుంది. ఒక చిన్న ఫ్లాష్ గైడ్ నంబరు ఐఎస్ఓ 100 దగ్గర 36 మీటర్లు అనుకుందాం. గైడ్ నంబరును అపెర్చర్ అంకెతో భాగిస్తే ఫ్లాష్ ఎంత దూరం చేరుతుందో వస్తుంది. సాయంత్రం నాలుగు గంటల ఎండలో 1/250, ఎఫ్ 8 సరిపోతున్నాయి. ఫ్లాష్ నాలుగున్నర మీటర్లు చేరుతుంది. హై స్పీడ్ సింక్‌కు మారగానే రెండు స్టాపులు పోయి గైడ్ నంబరు 18 అవుతుంది. 1/1000కి పోతే 9. అక్కడ అదే ఎండకు అపెర్చర్ ఎఫ్ 4. దూరం రెండుంపావు మీటర్లు. 1/4000కి పోతే గైడ్ నంబరు నాలుగున్నర, అపెర్చర్ ఎఫ్ 2. మళ్లీ రెండుంపావు మీటర్లే. ఎక్కడ ఆగినా ఆ రెండుంపావు మారదు. నాలుగున్నర మీటర్ల దూరం సగానికి సగం తగ్గింది, దానికి బదులు ఎఫ్ 8 లెన్సు ఎఫ్ 2 అయింది. బేరం ఇంతే. ఎండను ఓడించాలనుకునేవాడికి ఇది నష్టం బేరం. పాత లెన్సును పూర్తిగా తెరవాలనుకునేవాడికి మాత్రం ఇంతకన్నా మంచి బేరం లేదు.

కాబట్టి ఫ్లాష్ మనిషి దగ్గరికి రావాలి. కెమెరా నెత్తిన కూర్చోబెడితే చాలదు. రేడియో ట్రిగ్గర్ పెట్టి, ఫ్లాష్‌ను కర్రకు బిగించి, ఫ్రేముకు కాస్త అవతల మనిషి ముఖానికి మీటరున్నర దూరంలో పట్టుకోవాలి. పెళ్లిళ్ల బృందాల్లో లైట్ బాయ్ చేసేది ఈ పనే. పగటి పూట అతని చేయి ఒక అడుగు వెనక్కి వెళ్లినా ఫొటోలో తెలిసిపోతుంది. ట్రిగ్గర్ కెమెరా కంపెనీకి తగినదై ఉండాలి. మధ్యలో ఒకే చుక్క ఉన్న పాత రకం ట్రిగ్గర్‌కు ఫ్లాష్‌ను పేల్చడం తప్ప హై స్పీడ్ సింక్ సంగతి తెలియదు. గోడాక్స్ టీటీ600 లాంటి చవక ఫ్లాష్ ఇందుకు మంచి ఉదాహరణ. కెమెరా మీద నేరుగా పెడితే అది సింక్ స్పీడు దాటదు. అదే కంపెనీ రేడియో ట్రిగ్గర్‌తో దూరం నుంచి వెలిగిస్తే 1/8000 దాకా వస్తుంది. బలం ఇంకా కావాలంటే అదే తరహా ఫ్లాష్‌లు రెండు మూడు ఒకే కర్రకు కట్టడమో, ఏడీ200 లాంటి పెద్ద బ్యాటరీ లైటు తెచ్చుకోవడమో చేయాలి. సాఫ్ట్‌బాక్సు వెలుతురును మెత్తబరుస్తుంది గానీ ఒక స్టాపో ఇంకాస్తో మింగుతుంది. మధ్యాహ్నం ఆ మింగుడు భరించడం కష్టం.

ఇక లెన్సును బిగించడం. ఇది కొలతల వ్యవహారం. లెన్సు మౌంటు నుంచి సెన్సర్ దాకా ఉండాల్సిన దూరం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. మరలతో బిగించే ఎం42 లెన్సులకు అది 45.46 మిల్లీమీటర్లు, కానన్ డీఎస్ఎల్ఆర్‌కు 44. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు; పలచని ఇత్తడి రింగుతో సరిపోతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు 46.5 కనుక అదే లెన్సు సెన్సర్‌కు కావాల్సినంత దగ్గరికి రాలేదు, దూరపు దృశ్యం మసకబారుతుంది. దగ్గరి ముఖాలు తీసేవారికి అదేమీ పెద్ద లోటు కాదు. మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ తగువు తీరింది. సోనీ ఈ మౌంటుకు 18, కానన్ ఆర్ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16 మిల్లీమీటర్లే. మధ్య ఖాళీలో ఏ అడాప్టరైనా పడుతుంది.

నికాన్ వారి ఎఫ్ మౌంటు 1959 నుంచి ఒకటే అంటారు. పేరుకు ఒకటే. 1977లో, లెన్సు అపెర్చర్‌ను బాడీకి తెలిపే ఏఐ పద్ధతి రాకముందు చేసిన లెన్సును అలాగే తీసుకొచ్చి డీ7000, డీ750 లాంటి బాడీకి తిప్పితే, అపెర్చర్ రింగు అంచు బాడీ మీది చిన్న మీటను నొక్కి విరగ్గొట్టే ప్రమాదం ఉంది. ఏఐ, ఏఐ-ఎస్ లెన్సులకు ఆ భయం లేదు. మెనూలో నాన్ సీపీయూ లెన్స్ డేటా అనే చోట ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ అపెర్చర్ నింపితే మీటరు లేచి కూర్చుంటుంది, లెన్సు గుండా వచ్చే వెలుతురును కొలిచే టీటీఎల్ పద్ధతిలో ఫ్లాష్ కూడా లెక్క కడుతుంది. డీ3000, డీ5000 వరసల చవక బాడీలు ఈ లెన్సులను పట్టుకుంటాయి గానీ వెలుతురు కొలవవు. ఆటో ఎఫ్‌పీ వాటిలో లేనే లేదు. సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేవారు ఈ ఒక్క మాట అడిగి కొనడం మంచిది.

సెకండ్ హ్యాండ్ మాట వచ్చింది కనుక, 2004 నాటి నికాన్ డీ70ని తలుచుకోకుండా పోలేం. ఆరు మెగాపిక్సెళ్ల ముసలి కెమెరా. దాని సీసీడీ సెన్సర్ ఎక్కువ వేగాల దగ్గర తెరల మీద ఆధారపడకుండా తనే ఎలక్ట్రానిక్‌గా మూసుకుంటుంది. అందుకే దాని సింక్ స్పీడు 1/500. ఏమీ తెలియని పాత ఫ్లాష్‌ను ఒక్క చుక్క ట్రిగ్గర్‌తో పెడితే అంతకు మించిన వేగంలో కూడా నల్లపట్టీ రాదు. యాషికా గుణం కొంత దానిలో మిగిలింది. ఇరవై ఏళ్ల తర్వాత సోనీ ఏ9 మూడో రకం సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్‌తో వచ్చి 1/80000 దాకా ఫ్లాష్‌ను కలుపుకుంది. దాని ధరకు పత్తి చేను కౌలు కట్టుకోవచ్చు.

మిర్రర్‌లెస్ బాడీలో చేయాల్సిన సర్దుబాట్లు తక్కువే. లెన్సు లేకుండా షట్టర్ నొక్కవచ్చు అనే అనుమతి మెనూలో ఇవ్వాలి, లేకపోతే చిప్ లేని లెన్సును కెమెరా లెన్సుగా ఒప్పుకోదు. కెమెరా మాన్యువల్ మోడ్‌లో, ఐఎస్ఓ కనిష్ఠంలో ఉండాలి. ఫ్లాష్ మీద హై స్పీడ్ సింక్ గుర్తు వెలగాలి. ఫ్లాష్ తల తనంతట తాను లెన్సుకు తగ్గట్టు జూమ్ కాదు, ఎందుకంటే ముందు ఏ లెన్సుందో దానికి చెప్పేవారు లేరు. ఆ జూమ్ చేత్తో పెట్టుకోవాలి. 58 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నా ఫ్లాష్‌ను 105కో 200కో బిగబట్టి ముఖం మీదికే గురిపెడితే, పోయిన రెండు స్టాపుల్లో కొంత తిరిగి చేతికొస్తుంది. టీటీఎల్ పనిచేసే జోడీలున్నా ఈ పనికి మాన్యువలే నమ్మకం. కొందరు అడాప్టర్లకు చిప్ అతికించి, లెన్సు ఎఫ్ 1.4 అని కెమెరాకు అబద్ధం చెప్పిస్తారు. నిజం రింగు ఎఫ్ 8 దగ్గర ఉంటే ఆ అబద్ధం మీద కట్టిన లెక్క ఎటైనా పోవచ్చు. ఒక ఫొటో తీయడం, తెర మీద చూడటం, ఫ్లాష్ బలం ఒక మెట్టు మార్చడం: మూడు ప్రయత్నాల్లో కుదురుతుంది. తర్వాత మనిషి, ఫ్లాష్ మధ్య దూరం మారనంత సేపు ఏదీ ముట్టుకోనక్కర్లేదు.

ఫోకస్ చేత్తోనే. 58 మిల్లీమీటర్ల లెన్సు ఎఫ్ 2 దగ్గర, రెండు మీటర్ల దూరంలో, స్పష్టంగా పట్టేది ముందూ వెనకా కలిపి సుమారు 14 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. తాలు కాయ కోసం వంగిన మనిషి ఊపిరి తీసుకుని వెనక్కి జరిగినా కన్ను మసకవుతుంది. కెమెరాలో ఫోకస్ పీకింగ్ అంచులకు రంగు పూస్తుంది గానీ, ఎండుమిర్చి కుప్ప ముందు ఎరుపు పీకింగ్ పెట్టుకుంటే కుప్పంతా ఫోకస్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. పసుపో నీలమో పెట్టుకోవాలి. కంటి దగ్గర పెద్దది చేసి చూసుకోవడం అంతకన్నా నయం.

మిరప కల్లంలో ఎరుపు పెట్టే చిక్కులు ఇంకా ఉన్నాయి. సెన్సర్ మీద ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చకు, ఒకటి నీలానికి, ఒకటే ఎరుపుకు. తేజ రకం కాయ నిగనిగలాడుతూ ఎండలో ఉన్నప్పుడు ఆకుపచ్చ, నీలం గడులు దాదాపు ఖాళీగా ఉంటే, ఎరుపు గడి పొంగిపొర్లుతుంది. మామూలు హిస్టోగ్రామ్ మూడూ కలిపి చూపిస్తుంది కనుక అంతా సవ్యంగానే ఉందంటుంది. ఫొటోలో మాత్రం కాయ మీది ముడతలు, తొడిమ దగ్గరి గీతలు అన్నీ ఒకే ఎర్ర ముద్ద. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసి, ఎండను ముప్పాతిక స్టాపు తగ్గించి, రా ఫైల్‌లో తీసుకోవాలి. ఎండను తగ్గించడం వల్ల ముఖం ఇంకా నల్లబడుతుంది. ఆ లోటు ఫ్లాష్ పూడుస్తుంది. రెండో చిక్కు సన్నగా ఉంటుంది: కుప్ప మీద పడిన ఎండ ఎర్రగా తిరిగి గడ్డం కింద, ముక్కు కింద పడుతుంది. కల్లంలో పనిచేసే మనిషి ముఖం కింది సగం కాగడా వెలుతురులో ఉన్నట్టు రావడం అందుకే. ఫ్లాష్‌ది పగటి తెలుపు కనుక ఆ ఎరుపును పలచబరుస్తుంది. పూర్తిగా కడిగేయకుండా కొంచెం వదిలేయడమే అందం. అది కల్లం రంగు.

పత్తిది దీనికి సరిగ్గా ఎదురు సమస్య. నల్లరేగడి మీద విచ్చిన దూది ఎండలో కళ్లు చెదిరే తెలుపు. ఆ దూది పోగులు కనిపించేలా ఎండను కొలిస్తే పత్తి తీసే మనిషి ముఖం మూడు స్టాపులు కిందికి పోతుంది. ఇక్కడ సూర్యుణ్ణి మనిషి వీపు వెనక ఉంచడం ఉత్తమం. భుజాల మీద, ఒడిలో నింపుకున్న పత్తి మీద అంచు వెలుగుతుంది. ముఖం పూర్తిగా నీడలో ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌కు ఎండతో పోటీ పడే పని తప్పుతుంది. నీడను నింపితే చాలు. పాత లెన్సులకు ఎదురెండ పడదు. ఒకే పొర పూత ఉన్న అద్దాల మీద ఎండ తగిలితే ఫొటో అంతా పాలపొంగులా తేలిపోతుంది. అరచేయి అడ్డం పెట్టడం చవకైన హుడ్. ముందు నుంచి వచ్చే ఫ్లాష్ కూడా తేలిపోయిన ముఖానికి కాస్త బిగువు తెస్తుంది. మైదానంలో గాలి ఆపే చెట్టు ఉండదు, లైటు స్టాండుకు కాళ్లు నిలవవు. కల్లంలో నింపిన మిర్చి టిక్కీ ఒకటి స్టాండు కాలి మీద పెడితే ఇసుక సంచి అక్కర్లేదు.

హై స్పీడ్ సింక్ చేతిలో ఉంది కదా అని ప్రతి చోటా వాడటం అలవాటైపోతే ఫ్లాష్ వేడెక్కి మొండికేస్తుంది. ట్యూబు వేడి ఒక స్థాయి దాటితే ఫ్లాష్ తనను తాను కాపాడుకోవడానికి నిమిషాల తరబడి ఆగిపోతుంది. నలభై డిగ్రీల ఎండలో ఆ స్థాయి తొందరగా వస్తుంది. రాత్రి పెళ్లికి దీని అవసరమే లేదు. సూర్యలంక ఒడ్డునో కొండవీడు కోట మీదో సందె వేళ ప్రీ వెడ్డింగ్ షూట్ అయితే, ఎండ వాలేకొద్దీ 1/250 లోపే పని జరుగుతుంది; అప్పుడు మామూలు సింక్‌కు దిగిపోవడం మేలు. పగలే ఎఫ్ 2 కావాలి, ఫ్లాష్ బలమూ పోకూడదు అంటే ఎన్‌డీ ఫిల్టర్ ఉంది. అది ఎండనూ ఫ్లాష్‌నూ సమానంగా తగ్గిస్తుంది గానీ షట్టర్ 1/250 దాటదు కనుక మొదటి రెండు స్టాపుల నష్టం ఉండదు. హీలియోస్ ముందు మర 49 మిల్లీమీటర్లు, ఫిల్టర్ చవకే. డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్ చీకటిగా మారి ఫోకస్ కష్టమవుతుంది. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల దగ్గర మాత్రం ఫ్లాష్ మాటే తలపెట్టకూడదు. బెదిరిన గిత్త ముందు ఎవరి సింక్ స్పీడూ చాలదు.

హై స్పీడ్ సింక్ ఏమాత్రం సరిపడని చోటు మరొకటి ఉంది. 2021-22 సీజన్‌లో గుంటూరు, ప్రకాశం మిరప తోటలను చుట్టుముట్టిన నల్ల తామర పురుగు పొడవు మిల్లీమీటరు ప్రాంతం, కాపురం పూలలో. ఎల్‌సీఏ-334 మిరప రకం పుట్టిన లాం పరిశోధన స్థానంలోనైనా, రైతు చేలోనైనా దాన్ని ఫొటో తీయడానికి పాత యాభై మిల్లీమీటర్ల లెన్సును రివర్స్ రింగుతో తిరగేసి బిగిస్తే చాలు, దాదాపు అసలు పరిమాణంలో సెన్సర్ మీద పడుతుంది. 28 మిల్లీమీటర్లదైతే ఇంకా పెద్దగా. అపెర్చర్ రింగు లెన్సు మీదే ఉండటం ఇక్కడ వరం. కొత్త లెన్సును తిరగేస్తే దాని రెక్కలను కదిపే దారే ఉండదు. ఆ దగ్గరలో ఎఫ్ 8 కాస్తా ఎఫ్ 16తో సమానమవుతుంది, ఎండ తనంతట తానే తగ్గుతుంది, 1/200 చాలు. ఫ్లాష్‌ను అరవై నాలుగో వంతు బలానికి దించితే మెరుపు సెకనులో ఇరవై వేలో వంతుకు కుదించుకుపోతుంది. గాలికి ఊగే పువ్వును అలాగే నిలబెట్టేది ఆ చిన్న మెరుపే. హై స్పీడ్ సింక్ పెడితే మెరుపు సాగి ఆ గుణం పోతుంది. ఎండ వల్ల రెండో నీడలా అలికినట్టు వస్తుంటే గొడుగు అడ్డం పెట్టుకోవాలి.

పాత లెన్సు, పాత ఫ్లాష్ ఒకే అల్మరాలో దొరుకుతాయి కాబట్టి ఒక జాగ్రత్త. ఫిల్ము కాలపు వివిటార్ 283 లాంటి ఫ్లాష్‌లలో కొన్నిటికి ట్రిగ్గర్ వోల్టేజి రెండు వందలు దాటుతుంది. దాన్ని నేరుగా డిజిటల్ కెమెరా నెత్తిన పెడితే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. మీటరుతో కొలవకుండా తగిలించకూడదు.

లెన్సుల్లో చూడాల్సింది బూజు. గాలి ఆడని తోలు సంచిలో, తడి తగిలే బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న లెన్సును టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తాయి. ముదిరితే పూతను తినేస్తుంది. సిలికా జెల్ వేసిన మూత డబ్బా చాలు, మధ్య మధ్య బయటికి తీసి వాడటం ఇంకా మంచి మందు. కల్లంలో లేచే కారం దుమ్ము ఫోకస్ మరల్లోకి దూరితే రింగు గరగరమంటుంది. మౌంటు దగ్గర లెన్సు మార్చే పని కల్లం బయట, గాలికి వీపు పెట్టి చేసుకోవాలి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

పెంటాక్స్ వారి సూపర్ టాకుమర్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సు, ఏడు అద్దాల రకం, మరో తరహా రోగి. దాని అద్దంలో థోరియం కలిపారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అద్దం తేనె రంగుకు తిరుగుతుంది. మందు ఎండే: అతినీలలోహిత కిరణాలు తగిలితే పసుపు విరుగుతుంది. మూతలు తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, కాయ ఆరబోసినట్టే రోజుకు కొన్ని గంటల చొప్పున కొద్ది రోజులు ఎండలో ఉంచాలి, మధ్యాహ్నం వేడి ముదిరినప్పుడు నీడకు తీసుకోవాలి. కింద రేకు ముక్క వేసి దాని మీద నిలబెట్టాలి తప్ప కాగితం మీద, గోనె మీద, పత్తి నిలవ ఉన్న వసారాలో పెట్టకూడదు. కటకం కింద ఎండ ఒక్క చుక్కగా చేరుతుంది. దూది అంటుకోవడానికి ఆ చుక్క చాలు.